మూఢంలో మెస్సు బిల్లు

మా హాస్టల్లో పప్పు చిక్కబడితే నాకు భయం వేసేది.

తక్కినవాళ్ళు మారు వేయించుకొని, ఈరోజు పప్పు బ్రహ్మాండం అని మురిసిపోతుంటే, నేను గరిటెలోంచి జారకుండా నిలబడ్డ ఆ పప్పును పగవాణ్ణి చూసినట్టు చూసేవాణ్ణి. మాది డివైడింగ్ మెస్సు. నెలంతా వంటింట్లోకి వచ్చిన బియ్యం, పప్పు, నూనె, గ్యాసు, వంటవాళ్ళ జీతాలు అన్నీ కలిపి తిన్నవాళ్ళ తలల మీద పంచేవాళ్ళు. నెలాఖరున నోటీసు బోర్డుకు అంకె అతికించేదాకా బిల్లు ఎంతొస్తుందో దేవుడికి కూడా తెలియదు. అందుకని నేను పప్పును చూసి, సాంబారులో ములక్కాడల్ని చూసి, ఆదివారం కోడి ముక్కల్ని చూసి లోపల్లోపల లెక్కలు వేసుకునేవాణ్ణి. తిండి బాగుంటే ఏడుపొచ్చే మనిషి ఆ తిరుపతి మొత్తానికి నేనొక్కణ్ణే అయివుంటాను.

మెస్ సెక్రటరీని మాలోంచే ఎన్నుకునేవాళ్ళం. నిలబడ్డవాడల్లా నెలకోసారి ఐస్‌క్రీమ్ పెట్టిస్తానని వాగ్దానం చేసేవాడు. గెలిచేవాడు. ఒకసారి మీటింగులో నేను లేచి ఐస్‌క్రీమ్ వద్దన్నాను. హాలంతా గొల్లుమని నవ్వింది. "వానికి పండ్లు జివ్వుమంటాయంటప్పా" అన్నాడొకడు వెనకనుంచి. నాకు ఒళ్ళు మండింది. అప్పటినుంచి మీటింగులకు వెళ్ళడం మానేశాను. ఐస్‌క్రీమ్ మాత్రం వచ్చింది, బిల్లులో కూడా వచ్చింది.

నాకు స్కాలర్‌షిప్పు లేదు. నాయన పేరు మీద పొలం ఉంది గనక రాదన్నారు. ఆదాయ ధ్రువపత్రం కోసం మా మండలాఫీసుకు ఎన్నిసార్లు తిరిగానో చెప్పలేను. చివరికి అక్కడి గుమాస్తా తలెత్తి, "పొలం ఉండాది గదప్పా మీకు?" అన్నాడు.

"పొలం ఉండాది సార్. దాంట్లో నీళ్ళే లేవు."

"నీళ్ళకు ఈ కాగితంలో గడి లేదు. పో" అన్నాడు.

గదిలో నాతోపాటు ఉన్నవాడిది తడ దగ్గరి పల్లె. కూలి చేసుకు బతికే క్రైస్తవ కుటుంబం. వాడికి స్కాలర్‌షిప్పు మంజూరైంది గాని వచ్చేది కాదు. అడిగినప్పుడల్లా బడ్జెట్ రాలేదనేవాళ్ళు. నాకు లేదు, వాడికి ఉండీ రాదు. నెలాఖరుకు ఇద్దరం ఒకటే. ఒక్కటే తేడా, వాడు మంచం మీద పడుకొని నిమ్మళంగా పైకప్పు చూసేవాడు. నేను కాలు కాలిన పిల్లిలా తిరిగేవాణ్ణి. నోటీసు బోర్డు దగ్గరికి, అక్కణ్ణుంచి గేటు దాకా, గేటునుంచి మళ్ళీ మెస్సు ఆఫీసు దగ్గరికి. "యాడికి పోతా ఉండావురా?" అనేవాడు వాడు. ఎక్కడికని చెప్పను? కూర్చుంటే బిల్లు గుర్తుకొచ్చేది, నడుస్తుంటే కాస్త దూరంగా ఉన్నట్టుండేది.

నాయన డబ్బు పంపే పద్ధతి ఒకటుండేది. చిత్తూరు మండీలో బెల్లం అమ్ముడుపోయిన రోజు, మా ఊరిమీదుగా తిరుపతికి వచ్చే బస్సులో కండక్టరు చేతికి తువ్వాల్లో చుట్టి ఇచ్చేవాడు. నేను బస్టాండులో నిలబడి ఆ బస్సు కోసం కాచుకోవాలి. ఏ రోజు అమ్ముతాడో ముందుగా తెలియదు గనక బెల్లం ఆడే నెలల్లో రోజు మార్చి రోజు బస్టాండుకు వెళ్ళేవాణ్ణి. కండక్టరు నన్ను కిటికీలోంచే చూసి, లేదన్నట్టు తల అడ్డంగా ఊపేవాడు. ఆ తల ఊపుడు చూసి తిరిగి హాస్టలుకు నడిచేటప్పుడు తిరుపతి వీధులు చాలా పొడవు. కడుపు నింపుకోవడానికి మెట్లెక్కి కొండకు పోతే ఉచిత భోజనం ఉంది నిజమే. కానీ ఎక్కి తిని దిగేసరికి తిన్నదంతా కరిగి మళ్ళీ ఆకలేసేది. పైగా పరీక్ష ఫీజు అక్కడ పెట్టరు.

నన్ను బతికించింది పెళ్ళిళ్ళు. తిరుపతిలో కల్యాణ మండపాలకు కొదవా? ముహూర్తం బలంగా ఉన్న రోజు ఊళ్ళో ఏ వీధిలో విన్నా మేళమే. మండపాలకు వంట ఒప్పుకునే మేస్త్రి ఒకడు, తిరుత్తణి వైపువాడు, సగం తమిళం సగం తెలుగు కలిపి మాట్లాడేవాడు. వడ్డనకు హాస్టలు పిల్లల్ని పిలిచేవాడు. మాకు పేర్లు ఉన్నాయన్న సంగతే ఆయనకు పట్టదు. అందరినీ "రేయ్ కాలేజీ" అనేవాడు. హాస్టల్లో ముందుగా చెప్పి మెస్ కట్ పెట్టుకుంటే ఆ రోజుల తిండి బిల్లులో పడదు. మండపంలో కూలి, కడుపునిండా సాపాటు. అదీ నా చదువుకు ఆధారం.

వడ్డన ఊరికే గరిటె చాపడం కాదని మేస్త్రి నేర్పాడు.

"ఆకు ముందర నిలబడి మాట్లాడల్ల. మొగమాటం పడొద్దండి, ఇంగొంచెం ఏసుకోండి అనల్ల. మూగోని మాదిరి నిలబడుకుంటే ఎవురు తింటారు?"

ఇంకొకటి కూడా నేర్పాడు. బంతులన్నీ లేచి, పాత్రలు కడిగి సర్దాక మమ్మల్ని వరసగా తీసుకుపోయి పెళ్ళివారి పెద్ద ముందు నిలబెట్టేవాడు. "పోయొస్తామని సెప్పండి. గట్టిగా సెప్పండి. ఆ మాట ఇన్నాక జోబీలో చెయ్యి పెట్టని మనిసిని నేను సూళ్ళేదు." నిజమే. "పోయొస్తాం సామీ" అని అందరం ఒక్కసారి అనేసరికి, అలసిపోయి కుర్చీలో వాలిన పెళ్ళికూతురి తండ్రి కూడా లేచి నవ్వి, మాకు తాంబూలంతోపాటు ఎంతో కొంత ఇచ్చి పంపేవాడు. ఆ మాట నా నాలుకకు అట్లా అలవాటైంది.

మా రెండేళ్ళ కోర్సులో మొదటి సంవత్సరం చివర, ఎండలు ముదిరే రోజుల్లో మూఢం వచ్చింది. వైశాఖం పెళ్ళిళ్ళ మీదే ఆశ పెట్టుకొని మెస్సుకు రెండు నెలల బాకీ ధైర్యంగా పడ్డాను. మేస్త్రి దగ్గరికి పోతే ఆయన టీకొట్టు ముందు బెంచీ మీద కాలు మీద కాలేసుకొని కూర్చున్నాడు.

"పెండ్లిండ్లు యాడివి? శుక్రుడు మునిగిపోయినాడు" అన్నాడు.

"మళ్ళా ఎప్పుడు లేస్తాడు?"

"నీ పరీచ్చలు అయినాక."

తమిళంవాళ్ళు మూఢాన్ని అంతగా పట్టించుకోరని తెలిసి, వాళ్ళ పెళ్ళిళ్ళకైనా పిలవమని అడిగాను. వాళ్ళు వంటవాళ్ళనూ వడ్డించేవాళ్ళనూ తమ ఊళ్ళనుంచే బస్సులో ఎక్కించుకొని తెచ్చుకుంటారన్నాడు. కొండ మీద పెళ్ళిళ్ళు ఆగవుగాని అక్కడి పనికి అక్కడివాళ్ళున్నారు. ఎక్కడో ఆకాశంలో శుక్రుడు సూర్యుడి చాటుకు పోతే ఇక్కడ నాకు హాల్‌టికెట్టు రాకపోవడం ఏమిటని ఆ రోజంతా రగిలిపోయాను. ఎవరిమీద కోప్పడాలో తెలియని కోపం చాలా చెడ్డది. దారిలో కనబడ్డ రాయినల్లా తన్నుకుంటూ నడిచాను. చెప్పు తెగింది.

హాస్టల్లో నోటీసు పెట్టేశారు. బాకీ కట్టి, కట్టినట్టు చీటీ తెచ్చినవాళ్ళకే హాల్‌టికెట్టు. పరీక్ష రాయకపోతే ఏడాది పోతుంది. ఏడాది పోతే తిరిగి పంపే శక్తి నాయనకు లేదు. ఆయన నోటితో అనలేదుగాని, ఈసారి ఏదైనా తేడా వస్తే బెల్లం గానుగ దగ్గరికి నన్ను రమ్మంటాడని నాకు తెలుసు. అదే వారంలో తువ్వాలు మూట వచ్చింది. కండక్టరు దాన్ని నా చేతిలో పెట్టి, "మీ నాయన సెప్పమన్నాడు. బెల్లం రేటు పడిపోయిందంట. ఇంతకన్నా ఇప్పుడు కాదంట" అన్నాడు. మూట విప్పకుండానే బరువు తెలిసింది. దాంతో సగం బాకీ కూడా తీరదు.

గదిలోవాడే దారి చెప్పాడు.

"పెండ్లికి ముహూర్తం కావల్ల. సావుకు యాడ కావల్ల?"

ఊళ్ళో పెద్దదినాలకు వంట చేసేవాడు ఇంకొకాయన ఉన్నాడట. పదకొండో రోజు భోజనాలకు వడ్డించేవాళ్ళు దొరక్క అవస్థ పడుతున్నాడట. నాయన బతికుండగా కొడుకు దినాల ఇళ్ళలో తిరుగుతున్నాడని అమ్మకు తెలిస్తే గుండెలు బాదుకుంటుంది. పైగా పెళ్ళిమేస్త్రి మొదటి రోజే చెప్పాడు, "దినాల సాపాటుకు పోయినోణ్ణి నేను పెండ్లికి పిలవను, ముందే సెప్తా ఉండా" అని. పోతే ఆ తలుపు మూసుకున్నట్టే. పోకపోతే ఈ తలుపు తెరుచుకోదు.

"మా ఇండ్లల్లో ఈ పట్టింపులు లేవు. నేను వస్తా, పోదాం పా" అన్నాడు గదిలోవాడు. వాడు రాకుంటే నేను పోయేవాణ్ణి కాదు.

దినాల వంటాయన సన్నగా, పొడుగ్గా, గొంతు పెంచకుండా మాట్లాడే మనిషి. మాకు చెప్పింది చాలా తక్కువ. "తొందర పడొద్దండి. అడిగినోళ్ళకే ఎయ్యండి. పని అయినాక గమ్మున ఎలబారండి." అంతే. మిగిలినదంతా మాకు తెలిసే ఉంటుందని ఆయన నమ్మకం. నాకూ తెలుసు. మా ఊళ్ళో పుట్టి పెరిగిన ఏ పిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు, చావింట్లో రండి అనకూడదు, పొయ్యేటప్పుడు పోయొస్తామనకూడదు. మళ్ళీ రావడమంటే మళ్ళీ అట్లాంటి పనికే రావడమని అర్థం. అందుకని చెప్పాపెట్టకుండా లేచి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోతారు.

తెలుసుగాని ఒంటికి పట్టలేదు. పెళ్ళిళ్ళలో అరిచి అరిచి వడ్డించినవాణ్ణి, అక్కడ నోరు కట్టేసినట్టుండేది. ఆకుల ముందు మనుషులు తలొంచుకొని తినేవాళ్ళు. గరిటె పాత్రకు తగిలిన చప్పుడు కూడా పెద్దగా వినబడేది. నాకు ఎంత త్వరగా బయటపడదామా అన్నట్టుండేది. ఒక ఇంట్లో పని చేస్తూ రెండో ఇంటిని తలుచుకునేవాణ్ణి, రెండో ఇంట్లో బాకీని తలుచుకునేవాణ్ణి. అట్లా కొన్ని ఇళ్ళు తిరిగాం. పెద్ద ఇంటి పని ఒకటుంది, ఆ డబ్బు చేతికి రాగానే అన్ని ఇళ్ళ కూలీ కలిపి ఒకేసారి ఇస్తానన్నాడు వంటాయన.

ఇస్తానన్న రోజు చంద్రగిరి దాటాక ఒక పల్లెలో పని పడింది. హాస్టల్లో బాకీ కట్టడానికి మర్నాడే ఆఖరు. పోయినాయన ఊళ్ళో పెద్ద రైతు. పెరట్లో పందిరి వేశారు. ఎండ నిప్పులు చెరుగుతోంది. బంతి మీద బంతి లేస్తోంది, జనం తరగడం లేదు. సాయంత్రం బస్సు తప్పితే చీకటి పడితే తప్ప ఇంకోటి లేదు. నేను పులుసు బకెట్టు పట్టుకొని ఆకుల మధ్య దాదాపు పరుగెత్తాను. "రేయ్, పెండ్లి కాదురా" అన్నాడు గదిలోవాడు పళ్ళబిగువున.

చివరి బంతి లేచింది. పాత్రలు కడిగేశాం. పక్క వసారాలో మిగిలిన గంపలు తెచ్చుకోవడానికి పోయాను. అక్కడ గోడకు ఆనుకొని పోయినాయన భార్య కూర్చుని ఉంది. అరవై దాటిన మనిషి. చుట్టూ ఎవరూ లేరు. వచ్చినవాళ్ళంతా అటువైపు కొడుకులతో మాట్లాడుతున్నారు. ఆమె నావైపు చూసింది. నేను గంప తలకెత్తుకున్నాను, బస్సు సంగతి తలలో తిరుగుతోంది, నాలుక తనపని తాను చేసింది.

"పోయొస్తామమ్మా!"

గట్టిగానే అన్నాను. మేస్త్రి నేర్పినంత గట్టిగా.

అటువైపు మాట్లాడుకుంటున్నవాళ్ళంతా ఇటు తిరిగారు. పెద్దకొడుకు గుమ్మందాకా దూసుకొచ్చాడు. గుండు చేయించుకున్న తల ఎండకు మెరుస్తోంది.

"ఏమంటివిరా? మళ్ళా వస్తావా? ఈ ఇంటికి మళ్ళా ఇట్లాంటి పనికే రావల్లనా నువ్వు?"

ఎవరో ముసలామె చేతులతో చెంపలు వేసుకుంది. వంటాయన మొహం పాలిపోయింది. "తెలియని పిల్లోడు సామీ, ఇంగ ఈణ్ణి ఏ ఇంటికీ తీసకపోను" అని రెండు చేతులూ జోడించాడు.

"ఈనికి కూలీ గీలీ లేదు. ముందు బైటికి తోలు" అన్నాడు పెద్దకొడుకు.

నేను సిగ్గుపడి తలొంచుకోవాల్సింది. కానీ నాకు కోపమొచ్చింది. ఇన్ని ఇళ్ళ కూలి ఈయన ఒక్క మాటతో ఎట్లా పోతుంది? "మాట తప్పే అన్నా. వడ్డనలో తప్పేమన్నా చేసినానా?" అన్నాను. గదిలోవాడు వెనకనుంచి చొక్కా పట్టి లాగుతున్నాడు, "గమ్మునుండ్రా, గమ్మునుండు" అని. పెద్దకొడుకు చెయ్యెత్తి ముందుకొచ్చాడు. నేను గంప దించలేదు, అడుగు వెనక్కి వేయలేదు. చెంపదెబ్బ కన్నా నాకు హాల్‌టికెట్టు భయమే ఎక్కువగా ఉంది.

"వాని జోలికి పోవద్దురా."

ఆమె గొంతు. లేవలేదు, గోడకు ఆనుకున్నట్టే ఉంది.

"పదకొండు దినాలుగా ఎంతమంది వచ్చి పోయినారో. నా ఎదురుగా కూర్చుంటారు. ఏడస్తారు. నేను కండ్లు తుడుసుకోని సూసేలోపల లేసి పోయింటారు. ఒక్కరూ సెప్పి పోలేదు. సెప్పగూడదు, నాకు తెలీదా? నేను గూడా ఎన్ని ఇండ్లల్లో అట్లే గమ్మున లేసి రాలేదు? కూర్చున్న సోట కూర్చునుండంగనే ఒక్కదాన్నే అయిపోతా ఉండాను. ఈ పొద్దు ఈ పిలగాడు సెప్పినాడు. సెప్పనీ."

పెద్దకొడుకు చెయ్యి దించాడు. మాటిమాటికీ గుండు తడుముకున్నాడు.

ఆమె నన్ను దగ్గరికి రమ్మంది. గంపతోనే వెళ్ళాను.

"వస్తానని సెప్పినావు గదా. రావల్ల మరి. వచ్చే నెల మాసికానికి రా. నువ్వే వడ్డించు." తర్వాత కొడుకువైపు తిరిగి, "వాని కూలి ఇచ్చి పంపు" అంది.

అన్ని ఇళ్ళ కూలీ చేతిలో పడింది. బస్సు తప్పింది. చీకటి పడ్డాక వచ్చిన బస్సులో నిలబడి పోతుంటే చంద్రగిరి వచ్చాక గదిలోవాడు పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మర్నాడు పొద్దున్నే మెస్సు ఆఫీసు తలుపు తీయకముందే పోయి నిలబడ్డాను. బాకీ కట్టాను. చీటీ తీసుకుపోయి హాల్‌టికెట్టు తెచ్చుకొని దిండు కింద పెట్టుకున్నాను. పరీక్షలు రాశాను.

మాసికానికి పోకూడదనే అనుకున్నాను. మాటవరసకు అని ఉంటుందిలే అనుకున్నాను. కానీ సెలవుల్లో మా ఊళ్ళో ఉంటే కాళ్ళు నిలవలేదు. ఇంట్లో పరీక్ష మార్కుల పని అని చెప్పి బస్సెక్కాను. వెళ్ళేసరికి వంటాయన పెరట్లో పొయ్యి రాజేస్తున్నాడు. నన్ను చూసి తెల్లబోయాడు. "నిజంగానే వస్తివే! ఆమె పొద్దుటినుంచి అడగతా ఉండాది" అన్నాడు.

అప్పటినుంచి నెలనెలా వెళ్ళాను. మాసికానికి ముహూర్తంతో పని లేదు. శుక్రుడు మునిగినా తేలినా, ఆషాఢమైనా, అధిక మాసమైనా ఆ తిథి వస్తుంది. ఆమె కూలి ఆ రోజే ఇప్పించేది. అది మెస్సు బిల్లంతా కాదుగాని, బిల్లులో నాయన పంపగా తక్కువ పడేది దాదాపు అంతే ఉండేది. ఆమెకు ఆ లెక్క తెలియదు. నేను చెప్పలేదు. "నీ స్కాలర్‌షిప్పు పడిందా?" అని గదిలోవాడు ఎగతాళి చేసేవాడు. వాడి స్కాలర్‌షిప్పు ఆ ఏడాది కూడా చివరిదాకా రాలేదు. వాడి కోసం వంటాయన్ను అడిగి కొన్ని ఇళ్ళు ఇప్పించాను. శ్రావణంలో మళ్ళీ మేళాలు మోగాయి. పెళ్ళిమేస్త్రి ఒకసారి వీధిలో ఎదురై, నన్ను చూసి రోడ్డుకు ఆవలి వైపు దాటుకున్నాడు. అన్న మాట మీద నిలబడే మనిషే.

మాసికాలకు వచ్చేవాళ్ళు నెలనెలా తగ్గిపోయారు. చివరికి పురోహితుడూ, ఇంటివాళ్ళూ, ఇద్దరు ముగ్గురు బంధువులే మిగిలారు. వడ్డించడానికి మనిషి అక్కర్లేదు. అయినా పెద్దకొడుకు నన్ను రావద్దనేవాడు కాదు. అందరూ తిన్నాక ఆమె నాకు ఆకు వేయించేది. నేను బస్సు టైమవుతోందని నిలబడే తినేవాణ్ణి.

"కూర్చోని తిను."

"బస్సు పోతుందమ్మా."

"పోతే ఇంగొకటి వస్తుంది. ఆయనా ఇంతే. ఒక తావ కూర్చునేది సేతగాని మనిసి. పొలంలో ఉంటే ఇల్లు, ఇంట్లో ఉంటే పొలం. కంచం ముందర కూర్చోబెట్టేదానికి నలభై ఏండ్లు తిప్పలు పడినాను. కూర్చునేలోపల ఆయన పోయినాడు."

నేను కూర్చున్నాను. కూర్చున్నానుగాని సగం మజ్జిగన్నం వదిలేసి లేచాను. ఆమె చూసింది.

సంవత్సరీకం నాటికి నా ఆఖరు పరీక్షలు దగ్గరపడ్డాయి. బాకీ ఏమీ లేదు. ఆ రోజు ఆమె నాకు చొక్కా గుడ్డ పెట్టింది. ఇంటర్వ్యూకు పోయేటప్పుడు కుట్టించుకొని వేసుకోమంది. నేను గుమ్మంలో నిలబడి అందరూ వినేలా "పోయొస్తానమ్మా" అన్నాను. ఈసారి పెద్దకొడుకు కూడా నవ్వేశాడు. "పోయిరాప్పా" అన్నాడు.

ఉద్యోగం వచ్చాక రేణిగుంటలో రైలు దిగినప్పుడల్లా కాకపోయినా, కుదిరినప్పుడు వెళ్ళేవాణ్ణి. కాసేపు వసారాలో కూర్చుని, తొందరపడి లేచి, చెప్పి వచ్చేవాణ్ణి. కొన్నేళ్ళకు ఒక రోజు రేణిగుంట స్టేషన్లో వంటాయన కనబడ్డాడు. జుట్టంతా నెరిసింది. "ఆమె పోయింది. ఎల్లుండి పెద్దదినం. వంటకు నేనే పోతా ఉండా" అన్నాడు.

వెళ్ళాను. ఆ పెరట్లో ఆకు ముందు బంతిలో కూర్చోవడం నాకదే మొదటిసారి. ఎవరో కుర్రాళ్ళు వడ్డించారు. అలవాటు ప్రకారం కాళ్ళు లేచిపోదామన్నాయి. లేవలేదు. పప్పు, పులుసు, చారు, మజ్జిగ, అన్నీ అయ్యేదాకా కూర్చున్నాను. ఆకులో మెతుకు మిగల్చలేదు. చెయ్యి కడుక్కొని వచ్చేసరికి ఒక్కొక్కరూ చెప్పకుండా లేచి వెళ్ళిపోతున్నారు. నేను వసారావైపు నడిచాను. గోడ దగ్గర ఎవరూ లేరు. ఆమె ఆనుకునే చోట గోడ కాస్త నల్లబడి ఉంది.

"పోయొస్తానమ్మా" అన్నాను. గట్టిగానే వచ్చింది.

పక్కనే ఉన్న పెద్దాయన ఒకరు కస్సుమన్నాడు. "ఏమప్పా, ఇంత సదువుకున్నట్టు ఉండావు, ఆ మాత్రం తెలీదా నీకు? ఎవురు నువ్వు? ఈళ్ళకు ఏమవుతావు?"

"వడ్డించేవాణ్ణి" అన్నాను.